నాయన రొటేషను

నాయన సంవత్సరీకం అయిన మర్నాడు అన్న, నేను కలిసి పాత కొట్టు తీశాం. దానికి పలకల తలుపులు. ఒకటి నుంచి పదకొండు దాకా సుద్దతో అంకెలు వేసి ఉండేవి. వరస తప్పితే చివరి పలక గాడిలో దిగదు. అంకెలు చెరిగిపోయినా అన్న చెయ్యి మాత్రం వరస తప్పలేదు.

లోపలికి అడుగు పెట్టకముందే వాసన వచ్చింది. బెల్లం, కిరసనాయిలు, చింతపండు, గోనెసంచుల దుమ్ము, వీటన్నిటి కింద ఎక్కడో పొగాకు. కొట్లో సరుకు పెట్టక ఆరేళ్లు. అయినా ఆ వాసన గోడల్ని వదల్లేదు.

అన్న ఆ గదిని మెడికల్ షాపుకి అద్దెకిస్తున్నాడు. గల్లాపెట్టె, చిట్టా పుస్తకాలు, కాగితాల కట్టలు అన్నీ ఖాళీ చేయాలి. అన్న కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. "పారేసే ముందు ఫొటోలు తీసి పెడతా బాబాయ్" అని కింద చాప పరుచుకుని కూర్చున్నాడు. నాలుగు కాగితాలు తీశాడో లేదో విసుక్కున్నాడు.

"అన్నీ అడ్డంగా వస్తన్నయ్. రొటేషన్ లాకయినట్టుంది."

చేతిలో కాగితంతో అలాగే నిలబడిపోయాను. ఆ గదిలో ఆ మాట విని ఎన్నేళ్లయిందో. మా నాయన చదివింది ఐదో తరగతి. ఆయనకొచ్చిన ఇంగ్లీషు మాటలు చేతివేళ్లకి సరిపోతాయి. లోడు, బిల్లు, డ్యూ, బ్యారను, రొటేషను. ఈ చివరిదాన్ని ఒంగోల్లో హోల్‌సేల్ కొట్టు గుమాస్తా నోటి నుంచి పట్టుకొచ్చాడు. మా ఇంట్లో మాకు అమ్మ, నాయన అన్న మాటల తర్వాత బాగా వినిపించిన మాట బహుశా అదే.

*

మాది దర్శికీ పొదిలికీ మధ్య మెట్ట ఊరు. వర్జీనియా పొగాకు వేసే ఊరు. ఊరంతటికీ డబ్బు కళ్లబడేది ఏడాదికొక్కసారి, బేళ్లు అమ్ముడుపోయినప్పుడే. మొదట్లో కంపెనీల వాళ్లకీ వ్యాపారులకీ అమ్ముకునేవాళ్లు. 1985లో మన దగ్గర పొగాకు బోర్డు వేలాలు మొదలయ్యాక ఎండాకాలమంతా ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల మాటలే. మిగతా కాలమంతా ఖాతా. ఉప్పు, పప్పు, పిల్లల పలకలు, పెళ్లికి పంచదార అన్నీ నాయన పుస్తకంలోకి ఎక్కేవి. "బేళ్లు పోగానే ఇస్తాలే బాబాయ్" అనేవాళ్లు. ఇచ్చేవాళ్లు కూడా. ఒకరిద్దరు తప్ప.

కానీ ఒంగోలు హోల్‌సేల్ వాళ్లు బేళ్లు పోయేదాకా ఆగరు కదా. వాళ్ల గడువు పదిహేను రోజులు. పద్నాలుగో రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్లు కాదు. నాయన సాయంత్రం కండువా వేసుకుని బయల్దేరేవాడు. ఒకరి దగ్గర చేబదులు, ఇంకొకరి దగ్గర నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి కొంత, ఇంకా తక్కువ పడితే చీటీ పాట.

"ఒకళ్లకిచ్చేది ఇంకొకళ్ల దగ్గర తేవాల. వాళ్లకి వాయిదా నాటికి మూడోవాళ్ల దగ్గర తేవాల. మధ్యలో మన ఇల్లు గడవాల. అదీ రొటేషను" అని అన్నకి చెప్తుండేవాడు, కొట్టు వాడికే వస్తుందని అప్పటికే నిర్ణయించుకున్నాడు కాబట్టి.

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి, "దాన్ని అప్పంటారు" అనేది.

చీటీ దగ్గర వాళ్లిద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. ఇరవై మంది, నెలకి ఐదొందలు, పదివేల చీటీ. నాయన రెండో నెలలోనో మూడో నెలలోనో పాడేసేవాడు. రెండున్నర వేలు తగ్గించుకుని ఏడున్నర వేలు చేతిలో పెట్టుకునేవాడు. ఆ రెండున్నర వేలల్లో ఐదొందలు చీటీ నడిపే ఆవిడ తీసుకుని, మిగతా రెండు వేలు ఇరవై మందికీ పంచితే తలా వంద. ఆ నెల అందరూ నాలుగొందలు కడితే చాలు. "మన రెండున్నర వేలు ఊళ్లోవాళ్లకి పంచిపెట్టొచ్చాడు మారాజు" అని అమ్మ గొణిగేది. ఆవిడ తన పేరుతో ఒక చిన్న చీటీ కట్టి చివరి నెల దాకా కదిపేది కాదు. చివరికి ఆ చీటీ డబ్బు కూడా పద్నాలుగో రోజే ఎగిరిపోయేది. అది వేరే సంగతి.

ఆ వాయిదా రోజుల్లో డబ్బు మోసేవాణ్ని నేనే. బీడీకట్ట కాగితంలో నోట్లు చుట్టి, జేబులో పెట్టి, పైన పిన్నీసు పెట్టి సైకిలెక్కించేవాడు. నాకో అనుమానం వచ్చింది. నేను పొద్దున ఇచ్చొచ్చిన నోటే సాయంత్రం మళ్లీ నా జేబులోకి వస్తోందేమోనని. ఒకసారి వంద నోటు మూల పెన్సిలుతో చిన్న చేపబొమ్మ వేశాను. వారమంతా గల్లాపెట్టెలో వెతికాను. నాయన చూశాడు. సంగతి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నా. "నోటు మీద గీతలు గీస్తే బ్యాంకోళ్లు తీసుకుంటారా ఎదవా" అని ఒక్కటిచ్చాడు. చాలా నెలల తర్వాత చీటీ డబ్బుల కట్టలో ఒక నోటు మూల ఏదో గీత కనిపించింది. చేపా కాదా అని తేల్చుకోలేకపోయాను. అడిగే ధైర్యం లేదు.

కొట్టు చప్పుళ్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. దూలానికి వేలాడే డబ్బాలో పురికొస ఉండ. నాయన కింద నుంచి లాగితే లోపల గిరగిరా తిరుగుతూ డబ్బాకి కొట్టుకునేది. పాత పేపరు చింపిన చప్పుడు, పొట్లం కట్టి పురికొస పటుక్కున తెంపిన చప్పుడు. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టేవాడు. లాభం, రెండు, మూడు. నాకు బడిలో ఒకటో ఎక్కం చెప్పమంటే మొదట ఆ మాటే నోటికొచ్చేది.

*

ఏడో తరగతిలో మా సోషల్ మాస్టారికి ఇంగ్లీషు మాటలు కూడా నేర్పాలని సరదా. తెలుగులో భ్రమణం, పరిభ్రమణం అని చెప్పాక, "మరి భ్రమణాన్ని ఇంగ్లీషులో రొటేషన్ అంటారు. ఎవరైనా విన్నారా ఈ మాట?" అన్నారు. నాకు తెలిసిన మాటొచ్చిందని ఎగిరి లేచాను.

"డబ్బుల్లేకపోయినా కొట్టు నడపడం సార్."

మాస్టారు నవ్వలేదు. ఆయనక్కూడా మా కొట్లో ఖాతా ఉంది.

బత్తాయి పండుకి పుల్ల గుచ్చి, లాంతరు ముందు తిప్పి చూపించారు. భూమి ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా ఇరవై నాలుగ్గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లే పడుతుందన్నారు. మరి మిగిలిన నాలుగు నిమిషాలూ ఏమయ్యాయని ఎవరో అడిగారు. భూమి తిరుగుతూనే సూర్యుడి చుట్టూ కాస్త ముందుకి జరుగుతుంది కాబట్టి, సూర్యుణ్ణి మళ్లీ అదే చోట చూడాలంటే ఇంకాస్త తిరగాలి, దానికి ఆ నాలుగు నిమిషాలు అన్నారు. పరీక్షలో రాశాను కానీ నాకు ఎక్కలేదు.

అది ఎక్కింది పొగాకు బ్యారను దగ్గర, అంటే పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టం దగ్గర. పచ్చాకు కర్రలకి కట్టి బ్యారన్లో ఎక్కించాక అది పండి, ఈనె ఎండేదాకా ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట కాపలా కాయాలి. మంట ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు చెడుతుంది. మా పెదనాన్న బ్యారను దగ్గరికి నాయన నన్ను తోడు పంపేవాడు. తియ్యటి పొగాకు ఆవిరి, తుమ్మకట్టె చిటపట. పక్కన గోనెపట్టా మీద పడుకున్న ముసలి కూలీ ఒకాయన గడియారం చూసేవాడు కాదు. "పిల్లలకోడి వాలింది, కట్టె ఎగదొయ్యండ్రా" అనేవాడు. పిల్లలకోడంటే పుస్తకాల్లో రాసే కృత్తికలు. వారం తర్వాత ఇంకో బ్యారను పెట్టినప్పుడు చూస్తే అది అరగంట ముందే వాలిపోయింది. రోజుకి నాలుగు నిమిషాల చొప్పున ఏడు రోజులకి దాదాపు అరగంట. మాస్టారి నాలుగు నిమిషాలు ఎటు పోతున్నాయో ఆ రాత్రి కనిపెట్టాను. ముసలాయనకి చెప్తే, "అది నాకెప్పుడో తెలుసు, నీ బడోళ్లకి ఇప్పుడు తెలిసిందా" అన్నాడు.

*

వాలీబాల్ కోర్టులో కూడా అదే మాట. పొగాకు గ్రేడింగ్ చేసే షెడ్డు వెనకాల ఖాళీలో వల కట్టుకునేవాళ్లం. పెద్దవాళ్లు ఆడేది షూటింగ్ బాల్. అందులో ఎవరి చోటు వాళ్లదే. మా డ్రిల్లు మాస్టారు వచ్చి అసలు వాలీబాల్ నేర్పాక తిరగడం వచ్చిపడింది. అవతలి జట్టు సర్వీసు మనకొచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరగాలి. నేను పొట్టి. వెనక కుడి మూల నుంచి సర్వీసు బాగా చేసేవాణ్ని. అక్కడే ఉండనిస్తే రాజునే. కానీ సర్వీసు పోయి మళ్లీ వచ్చేసరికి ఒక్కో అడుగూ జరుగుతూ జరుగుతూ వల ముందుకి చేరేవాణ్ని. అవతల బ్యారన్లకి కర్ర ఎక్కించే పొడుగు మనిషి ఒకడు. వాడు ఎగిరి కొడితే బంతి నా నెత్తి మీద నుంచి పోయేది. అప్పటి లెక్క ప్రకారం సర్వీసు చేసిన జట్టుకే పాయింటు. పదిహేనుకి చేరేసరికి చీకటి పడేది. నేను వల ముందున్న ఆ మూడు చోట్లూ ఎప్పుడు దాటతానా అని లెక్కపెట్టుకుంటూ ఆడేవాణ్ని. ఒకసారి చూడలేదులే అని ఒక చోటు ఎగ్గొట్టి వెనక్కి జారుకున్నాను. డ్రిల్లు మాస్టారు విజిలేశారు. ఆ పాయింటుతోనే ఓడిపోయాం.

*

మాకు రెండెకరాల మాగాణి ఉండేది, దర్శి బ్రాంచి కాలువ కింద, చిట్టచివర. సాగర్ కాలువలకి నీళ్లు వదిలింది 1967లో. ఆ నీళ్లు మా చివరి భూముల్ని పలకరించేది మాత్రం వాటికి బుద్ధిపుట్టినప్పుడే. పైవాళ్లకి తడిసి, వాళ్ల పక్కవాళ్లకి తడిసి, మిగిలితే మాకు. నీళ్లు తక్కువైన ఏడాది వంతులు పెట్టేవాళ్లు. ఇన్ని రోజులు ఈ మేజరు కాలువకి, తర్వాత ఇన్ని రోజులు ఆ మేజరుకి. పేపర్లో రొటేషన్ పద్ధతి అని రాసేవాళ్లు. ఇంజనీర్లు వారబందీ అనేవాళ్లు. మా ఊళ్లో ఒకటే మాట, టరను. "ఈ టరను మనకి రాత్రి" అంటే అన్న, నేను పార, లాంతరు పట్టుకుని పోయేవాళ్లం.

ఆ రాత్రుళ్లలో నాకు బాగా గుర్తున్నది నీళ్లు వచ్చే ముందు చప్పుడు. ఎండిన కాలువలో కూర్చుని ఎదురుచూస్తుంటే మొదట ఏమీ వినపడదు. తర్వాత ఎండుటాకులు ఒరుసుకుంటున్న గలగల. నీటి మొన నురగతో ఆకుల్ని, పుల్లల్ని, బీడీ ముక్కల్ని నెట్టుకుంటూ పాములాగా వచ్చేది. దాని వెనకే కప్పలు. లాంతరు ఎత్తి చూసి అన్న, "ఒచ్చిందిరా" అని కేకేసేవాడు. అప్పుడు నీళ్లు చేలోకి మళ్లేలా మడవ తీయాలి. ఒక్కోసారి ఆ మొన మా మడవకి పది గజాల అవతలే ఆగిపోయేది. పైన ఎవరో అడ్డం వేశారన్నమాట. అన్న పార భుజాన వేసుకుని గట్టు వెంబడి చీకట్లోకి పోయేవాడు. నేను లాంతరుతో ఒక్కణ్ణే. వాడు తిరిగొచ్చినప్పుడు చొక్కా చిరిగుంటే అడిగేవాణ్ని కాదు.

పంచాయతీలో కూడా ఈ మాట దిగింది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1995లో సర్పంచి ఎన్నికలొచ్చాయి. రిజర్వేషన్లు ఊళ్లకి వంతుల మీద మారతాయని, ఈసారి మా ఊరు ఆడవాళ్లదని చెప్పారు. అరుగుల మీద మగవాళ్లంతా, "రొటేషన్లో ఆడోళ్లకొచ్చింది, వచ్చేసారి మనకే" అని ఓదార్చుకున్నారు. గెలిచినావిడ మా కొట్టుకొచ్చి చాక్‌పీసుల డబ్బా కొనుక్కుపోయింది, సంతకం నేర్చుకోవడానికి. డబ్బులిచ్చే కొన్నది. ఖాతాలో వద్దంది.

*

నేను హైదరాబాద్ వచ్చి ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాను. ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. వారం వారం మారేది. రాత్రి షిఫ్టు వారం ఒంటికి అలవాటయ్యేసరికి పొద్దుటి షిఫ్టు వచ్చేది. నాయన ఒకసారి చూడ్డానికొచ్చాడు. పట్టపగలు పదకొండింటికి కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకున్న నన్ను లేపి, ఒంట్లో బాలేదా అన్నాడు. రొటేషన్ నాయనా, ఈ వారం నైటు అన్నాను.

మంచం మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. "నువ్వు ఎవరికీ ఇచ్చేదేం లేదు గదరా. మరి నిద్ర లేకుండా ఈ రొటేషనేంది?" అన్నాడు.

నేను నెలనెలా రెండు వేలు మనియార్డరు చేసేవాణ్ని. పెళ్లయ్యాక తగ్గింది, అప్పుడప్పుడు మానేసింది కూడా ఉంది. నాయన ఎప్పుడూ చాలవనలేదు, అందిందని తప్ప ఇంకేమీ రాయించలేదు.

తర్వాత పొగాకు విరామం వచ్చింది. నిల్వలు పేరుకుపోయాయని 2000-01లో ఆంధ్రలో పొగాకు వేయొద్దని బోర్డు ప్రకటించింది. కొందరు కంది వేశారు, కొందరు భూమి వదిలేశారు. బ్యారన్లలో మేకల్ని కట్టేశారు. ఆ ఏడాది బేళ్లు లేవు, బేళ్లు పోగానే ఇస్తామన్న మాటా లేదు. నాయన పుస్తకంలో ఊరంతా అలాగే నిలబడిపోయింది. ఒంగోలు వాళ్ల పదిహేను రోజులు మాత్రం మారలేదు. ప్రామిసరీ నోట్లు మూడేళ్లు దాటితే చెల్లవు కాబట్టి అప్పిచ్చినవాళ్లు వచ్చి తిరగరాయించుకుపోయారు. అసలుకి వడ్డీ కలిపి కొత్త అసలు. రెండెకరాల మాగాణి అమ్మిన సంగతి నాకు ఆర్నెల్ల తర్వాత తెలిసింది, అన్న ఫోన్లో వేరే విషయం మాట్లాడుతూ నోరు జారితే.

కొట్టు ఆ తర్వాత కూడా నడిచింది. చిన్నగా. నాయన అగ్గిపెట్టెలు, షాంపూ పొట్లాలు అమ్ముతూ గల్లా ముందు కూర్చునేవాడు. రొటేషను అనడం మాత్రం మానేశాడని అమ్మ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గెలిచినట్టేం లేదు.

*

గల్లాపెట్టె అడుగున పెద్ద ఆవర్జా పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట. పేజీకొక మనిషి. చాలామంది పోయారు. కొన్ని పేజీల మీద అడ్డంగా గీత, కొన్నిటి మీద లేదు. కుర్రాడు పేర్లు చదువుతుంటే అన్న ఎవరెవరో చెప్తున్నాడు. ఒకచోట కుర్రాడు ఆగాడు.

"బాబాయ్, చిన్నోడంటే నువ్వేనా?"

పైన శ్రీకారం. కింద చిన్నోడు. నేను పంపిన ప్రతి మనియార్డరూ తారీఖుతో సహా ఉంది. రాబడిగా కాదు, తను నాకు తిరిగి ఇవ్వాల్సిన వైపు. వడ్డీ నూటికి రూపాయి వేశాడు. ఊళ్లోవాళ్లకి రెండు రూపాయలిచ్చినాయన నాకు రూపాయే ఇచ్చాడు. రెండో వైపు చెల్లులు. ప్లాటుకి అడ్వాన్సు 15,000. కాన్పుకి 6,000. నేనవి నాయన ప్రేమతో ఇచ్చాడనుకున్నవి. ఆ పదిహేను వేలు చేతిలో పెట్టినప్పుడు బస్టాండులో ఏడ్చాను కూడా. ఇంకా కిందికి చూస్తే బియ్యం బస్తా 1, ఆవకాయ జాడీ 1, బస్సు చార్జీలు. ఆవకాయకి కూడా ధర కట్టాడు. చివర నిలవ బాకీ 4,310. దాని కింద గీత లేదు.

అన్న నా భుజం మీదుగా తొంగి చూసి పుస్తకం తీసుకున్నాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు. రెండోసారి ఒక్కో పేజీ తడి వేలితో విడదీసి చూశాడు.

"నాకు పేజీ లేదురా" అన్నాడు.

ఇంట్లోవాడివి కదా నీకెందుకుంటుంది అందామనుకున్నాను. అలా అంటే నేనెవర్నవుతానో తోచి ఊరుకున్నాను. వాడు ఆ పుస్తకం మూయకుండా కుర్రాడి ముందు పెట్టాడు.

"ఇది కూడా తియ్యనా నాన్నా?"

"తియ్యి. మీ బాబాయ్‌కి పంపు. నాలుగువేల మూడొందల పది అద్దె అడ్వాన్సులోంచి ఇచ్చేద్దాం."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. పలకలు తెచ్చి పదకొండు నుంచి వెనక్కి వరసగా గోడకి ఆనిస్తున్నాడు.

నా ఫోనుకి ఫొటో వచ్చింది. అడ్డంగానే ఉంది. మెడ వంచి చదువుకున్నాను.